మే నెలలో బొంత!

ఎండాకాలంలో బొంత ఏమిటి, మతిపోయిందా అంటారా? అనండి! ఆ మాట అనేవాళ్లు హైటెక్ సిటీలో ఒక్కపూట కూడా గడపలేదన్నమాట. బయట 42 డిగ్రీల ఎండ మాడ్చేస్తుంటే, లోపల ఏసీ పుణ్యమా అని పళ్లు టకటక కొట్టుకుంటుంటాయి. మా బాబాయి కూతురు మే నెలలో కూడా శాలువా కప్పుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. మొన్న నాకో పని పురమాయించింది.

"అన్నయ్యా! పెద్దమ్మ చేత నాకో బొంత కుట్టించవూ?"

1998లో సైబర్ టవర్స్ వచ్చిన ఆ పేటలోనే శిల్పారామం వుంది కదా! అక్కడికి తీసుకెళ్లి అద్దాలు కుట్టిన దుప్పట్లు చూపించాను. "బాగున్నాయి. కానీ పెద్దమ్మ చీర వాసన రాదుగా!" అంది. ఏం చెప్పను?

అమ్మకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కడం లేదు. "నేను కుడతాను, నువ్వు చెప్పు" అన్నాను.

"మగపిల్లాడివి, సూదీ దారం నీకెందుకురా?"

వెంటనే కాస్ట్యూమ్స్ కృష్ణ గారిని సాక్ష్యానికి పిలిచాను! తారలకు దుస్తులు కుట్టిన ఆ మనిషే కదా, 1991లో 'భారత్ బంద్'లో విలన్‌గా హడలగొట్టింది? 1997లో 'పెళ్లి పందిరి' తీసింది కూడా ఆయనే. 2023లో కన్నుమూశారు గానీ, కుట్టుపని పేరును తన పేరు ముందు బిరుదులా నిలుపుకున్నారు. అమ్మ నవ్వేసి పెట్టె తెరిచింది.

పైనే వుంది మామిడిపండు రంగు నేతచీర. 1983లో నాన్నతో 'సాగర సంగమం' చూడ్డానికి కట్టుకెళ్లిన చీరట. నాన్న ఇప్పుడు లేరు. "దీనికి మాత్రం కత్తెర పెట్టకు" అంది. నా చెయ్యి ఆగిపోయింది.

అసలు రహస్యం అప్పుడు తెలిసింది. బొంతకు కత్తెరతో పనే లేదు! ఐదున్నర మీటర్ల నూలు చీరలు రెండు తీసుకోండి. గంజి పోయేలా ఉతికి, ఎండలో బాగా ఆరేయండి. అంచూ అంచూ కలిపి పొడుగునా కుట్టండి. పొడుగును సగానికి, మళ్లీ సగానికి మడవండి. నాలుగు పొరలతో, ఏడున్నర అడుగుల పొడుగూ నాలుగున్నర అడుగుల వెడల్పూ వున్న బొంత సిద్ధం! ముందు మధ్యనుంచి అంచులకు పెద్ద పెద్ద టాకాలు వేయండి. లేకపోతే పొరలు జరిగి బుడగలు లేస్తాయి. తర్వాత చిన్న కుట్లతో వరసలు. దారానికి మైనం రాస్తే చిక్కుపడదు. జరీ చీరలు మాత్రం వద్దు, ఒళ్లు గీరుకుంటుంది.

పాతచీర విలువ సినిమావాళ్లకు తెలియదా? సావిత్రి కాలం నాటి దుస్తుల్ని తెరమీద మళ్లీ చూపినందుకే కదా, 'మహానటి'కి 2019లో జాతీయ అవార్డు ఇచ్చారు!

ఇక నా సంగతి. రోజూ పొద్దుగూకాక డాబామీద రెండేసి వరసలు. మృగశిర కార్తెలోగా ముగించాలని పథకం. మొదటి వరస పాము పాకినట్టు వచ్చింది. వేలికి నాలుగు పోట్లు కూడా పడ్డాయి. "విప్పేయనా?" అన్నాను. "వుండనీరా, నువ్వు కుట్టావని తెలుస్తుంది" అంది అమ్మ.

ఒక అనుమానం మాత్రం మిగిలింది. "ఆ చీర చెల్లాయికి ఇచ్చేస్తే నీకు బెంగగా వుండదూ?" అని అడిగేశాను.

అమ్మ కాసేపు ఆ చీర అంచు నిమిరింది. "పెట్టెలో దాస్తే పురుగులు కప్పుకుంటాయి. పిల్లని కప్పుకోనీ!" అంది.

మరి మీ ఇంటి పెట్టెలో ఏ చీర వుంది? ఆ చీర కట్టుకుని మీ అమ్మగారు ఏ సినిమాకు వెళ్లారు? ఈ సెలవుల్లోనే అడిగేయండి. సూదిలో దారం మాత్రం మీరే ఎక్కించండేం!