పట్టా వచ్చింది, మరి మట్టి సంగతేంది?

పోస్టు కొంచెం పెద్దగుంది, ఓపికతో చదవండి.

2023 జూన్ చివర్లో పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడు మన గ్రూపులన్నీ ఫొటోలతో నిండిపోయినయ్. మేము కూడా హాస్టల్‌లో సంబురపడ్డం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ భూమి మన పిల్లలకు వస్తది గానీ అమ్మరాదు. అది మంచిదే, బయటోళ్లు గుంజుకోలేరు. కానీ అమ్ముకోలేని భూమికి రేటు పెరిగితే మనకొచ్చేది ఏంది? మట్టి బలం పెరిగితేనే మనకు లాభం. ఈ మాట మాత్రం ఎవ్వరూ మాట్లాడుతలేరు.

సెలవులకు తండాకు పోయినప్పుడు నాలుగు ఇండ్ల మట్టి పరీక్ష కార్డులు ముందరేసుకొని చదివినం. అన్నిట్ల సేంద్రియ కర్బనం దగ్గర "తక్కువ" అనే ఉంది. 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. "గదేంది బిడ్డా?" అని బాపు అడిగితే వెంటనే చెప్పలేకపోయినం. డిగ్రీ చదువుతున్నందుకు సిగ్గనిపించింది.

తర్వాత తెలుసుకున్నం. ఆకు, వేరు, పెంట మురిగి మట్టిలో కలిసిన బలమే అది. ఎకరంలో పైన ఆరంగుళాల మట్టి సుమారు 900 టన్నులుంటది. కర్బనం 0.3 శాతం నుంచి 0.5కు పెరిగితే ఎకరానికి దగ్గర దగ్గర రెండు టన్నుల కర్బనం గాలిలోకి పోకుండ మన చెలకలో ఆగినట్టు. వాన పడ్డప్పుడు తేమ నిలవడానికీ, వేసిన ఎరువు కొట్టుకపోకుండ ఉండడానికీ అదే ఆసరా.

"మీరే అడవి కొట్టి మట్టిని పాడుచేసిండ్రు" అంటరు కొందరు. చెట్ల కింద మట్టిలో కర్బనం ఎక్కువుండేది నిజమే, ఒప్పుకుందాం. కానీ మన నల్లగొండ, పాలమూరు ఎర్రచెలకల్లో బంకమట్టి తక్కువ, ఎండలు ఎక్కువ. కర్బనం నిలవడమే కష్టం. నీళ్లున్న రేగడి మనకెవరు ఇచ్చిండ్రు?

అయితే మన తప్పులు కూడా ఉన్నయ్. ఒకప్పుడు జొన్న, కంది, ఆముదం మార్చి మార్చి వేసేది. కంది ఆకు రాలి చేన్లనే కలిసేది, మేకల మంద పెట్టించేది. ఇప్పుడు ఏటా పత్తే. పత్తి కట్టె కాలబెడుతున్నం, మేకల ఎరువు ట్రాక్టరుకెత్తి అమ్ముకుంటున్నం. పైనుంచి యూరియా చల్లుతున్నం. అప్పున్నోళ్లు ఎరువు అమ్ముకుంటే తప్పు పట్టలేం, కట్టె కాలబెట్టుడైతే ఆపొచ్చు కదా!

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉన్న క్రీడా సంస్థ వాళ్లు మెట్ట రైతులకు గట్ల మీద గ్లైరిసీడియా పెంచి ఆ రొట్ట చేన్ల వేయమని చెప్తరు. మేకలు దాన్ని అంతగా ముట్టవు, కొమ్మ నాటినా బతుకుతది. ఎండాకాలం చెరువు పూడిక మట్టి తోలితే చెలకలో తేమ ఎక్కువ రోజులుంటది. ఇవి ఒక్క ఏడాదిలో కార్డు మార్చవు, కొన్నేండ్లు పడుతది.

అందుకే మా ఆలోచన ఒక్కటి. ఈ ఎండాకాలం సెలవుల్లో ప్రతి తండా నుంచి, ప్రతి పెంట నుంచి ఇద్దరు చదువుకునేటోళ్లు తమ చేను మట్టి పరీక్ష చేయించి, కర్బనం అంకె ఈ గ్రూపులో పెట్టాలె. మూడేండ్లకు అదే చేన్ల మళ్లీ చేయించాలె. కట్టె కాలబెట్టనోళ్ల అంకె, కాలబెట్టినోళ్ల అంకె పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటి కార్డు మాదే పెడుతున్నం. మీ తండా పేరు కింద రాయండి.