‘హేవింగ్ సెడ్ దట్’ తర్వాతి మాట

పోయిన పీటీఎంలో ఏడో తరగతి పాప వాళ్లమ్మగారితో, పాప రీడింగ్ చాలా బాగుందని ఇంగ్లిష్‌లో చెప్పి, “హేవింగ్ సెడ్ దట్, షి నెవర్ ఆస్క్స్ ఎ క్వశ్చన్ ఇన్ క్లాస్” అన్నాను. ఆవిడ నవ్వుతూ థాంక్స్ చెప్పి వెళ్లారు. మర్నాడు పాప వచ్చి, “మిస్, మీరు నన్ను తెగ మెచ్చుకున్నారట!” అంది. నేను చెప్పాలనుకున్న అసలు మాట ఆ ఇంటికి చేరనే లేదు. తప్పు ఆవిడది కాదు, నాదే.

ఈ ‘హేవింగ్ సెడ్ దట్’ తమాషా మాట. విడివిడిగా చూస్తే కష్టమైన పదం ఒక్కటీ లేదు. మాటకు మాట తెలుగు చేస్తే ‘అది చెప్పాక’ అని వస్తుంది. అందుకే చాలామంది పిల్లలు ‘కాబట్టి’ అన్న అర్థంలో వాడేస్తుంటారు. “వర్షం పడింది, హేవింగ్ సెడ్ దట్ మ్యాచ్ ఆగిపోయింది” అని రాస్తే నేను ఎర్ర ఇంకుతో సున్నా చుట్టాల్సిందే. వర్షం పడినా మ్యాచ్ జరిగిందంటేనే ఆ మాటకు అక్కడ చోటు.

మన తెలుగులో దీనికి దగ్గరి చుట్టం ‘కాకపోతే’. “కుర్రాడు మంచివాడే, కాకపోతే...” అని పెళ్లిళ్ల పేరయ్య అనగానే ఇంట్లో అందరూ చెవులు రిక్కిస్తారు కదా! (ఈ మధ్య మా ఇంట్లో ఈ వాక్యం బాగానే వినిపిస్తోంది.) కుర్రాడు మంచివాడన్నది అబద్ధం కాదు, అది అలాగే ఉంటుంది. దాని పక్కన ఇంకో నిజం వచ్చి కూర్చుంటుంది. వట్టి ‘బట్’ అంటే ముందు మెచ్చుకున్నది కొట్టేసినట్టు వినిపిస్తుంది. ఇది కాస్త మర్యాదగా మలుపు తిప్పుతుంది. మాటల్లో, డిబేట్‌లో చక్కగా వాడుకోవచ్చు. ఎడిటర్‌కు రాసే లేఖలాంటి చోట మాత్రం ‘హవెవర్’ నయం.

ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడాలని రూల్ పెట్టామని కొందరు పేరెంట్స్ చెబుతుంటారు. ఇంగ్లిష్ టీచర్‌గా నాకు సంతోషమే. కాకపోతే, నేను గ్రామర్ చెప్పినంతసేపూ అర్థంకాని ఈ మాట, ‘కాకపోతే’ అనగానే క్లాసంతటికీ ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. తెలియక దిక్కులు చూసిన ఇద్దరు ముగ్గురూ ఇంట్లో తెలుగు బంద్ అయిన పిల్లలే. నానమ్మతో రోజూ వాదించే పిల్లలకు ఈ మలుపులు ఎవరూ నేర్పక్కర్లేదు. దయచేసి ఆ రూల్ కాస్త సడలించండి.

పాప వాళ్లమ్మగారికి ఫోన్ చేసి, ఈసారి తెలుగులోనే మొత్తం చెప్పాను. “అయ్యో, అదా మేడమ్! ఇంట్లో అయితే ప్రశ్నలతో చంపేస్తుంది” అన్నారావిడ.