ఆకాశమున గంట, నేలపైఁ బూట

హైదరాబాదు, విశాఖపట్టణము విమానాశ్రయముల నడుమ ఆకాశమార్గమున దూరము సుమారు 510 కిలోమీటర్లు. కాలపట్టికలు ఈ ప్రయాణమునకు గంటకుఁ బైగాఁ జూపుచున్నవి. గంటకు 800 కిలోమీటర్లు పోఁగల విమానమునకు 40 నిమిషములు చాలవా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. నిలిచిన చోటు విడిచినది మొదలు గమ్యమున మరల నిలుచువఱకుఁ గల కాలమంతయు అందుఁ జేరియుండును. నేలపైఁ బరుగునందును, ఎక్కుట దిగుటలయందును వేగము తక్కువ.

అయినను ప్రజలకు నిజమైన కాలనష్టము ఆకాశమునఁ గాదు, నేలపైననే. 2008లో విమానములు నగరములోని బేగంపేటను విడిచి శంషాబాదునకుఁ దరలినవి. అచటికిఁ బోవుటకు గంట, ముందుగాఁ జేరి వేచియుండుటకు రెండు గంటలు, దిగిన పిదప ఇల్లు చేరుటకు మఱికొంత. వెరసి గంట ప్రయాణము ఒక పూటను మ్రింగుచున్నది.

విశాఖకు దూరముగా భోగాపురమున నూతన విమానాశ్రయమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. విశాలమైన స్థలము అవసరమే, కాదనము. కాని రైతులు వదలుకొనిన భూములకు ఫలము ప్రజలకుఁ గలిసివచ్చు కాలమే. కావున రైలు, బస్సు సౌకర్యములు విమానాశ్రయముతోడనే సిద్ధము కావలెనని మా దృఢాభిప్రాయము. దారి లేని సత్రము బాటసారి కేల?