గడప బయటే తేల్చుకోవాలి!

ఒకే ఒక్క రైల్వేస్టేషను. దానికి 200కు పైగా ద్వారాలు! ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషనుగా గిన్నిస్ రికార్డులకెక్కిన టోక్యోలోని షింజుకులో ఏ ద్వారంలోంచి బయటపడినా ముందు కనిపించేవి హోటళ్లే. రోడ్డు పక్కన, నేల కింద, ఎనిమిదో అంతస్తులో, రైలు పట్టాలనానుకుని ఉన్న ఇరుకు సందులో... ఎటు చూసినా అవే. బోర్డులు చూస్తే చాలావరకూ జపనీస్ లిపిలో ఉంటాయి. వెంట ఆకలితో నకనకలాడే పిల్లలు, మాంసం వాసన పడని అమ్మమ్మ, మోకాళ్ల నొప్పుల తాతయ్య. మరి ఎక్కడ తినాలి?

జపాన్‌లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకూ, సెలవుల్లో టోక్యో చూసొద్దామని బయల్దేరే కుటుంబాలకూ తప్పని ప్రశ్న ఇది. భారతీయులు ఎక్కువగా కాపురముండే నిషి-కసాయి ప్రాంతంలోనైతే మన భోజనం దొరికే హోటళ్లు, పప్పులూ మసాలాలూ అమ్మే దుకాణాలు ఉన్నాయి. కానీ అంతదూరం వెళ్లి ఒక్కపూటైనా జపాన్ భోజనం చేయకుండా తిరిగి రావాలంటే మనసొప్పదు. వాషోకు అనే జపాన్ సంప్రదాయ భోజన సంస్కృతిని యునెస్కో 2013లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది మరి!

అందుకు తెలుసుకోవాల్సిన సూత్రం ఒక్కటే. జపాన్‌లో హోటల్ ఎంపిక అంతా గడప బయటే జరిగిపోవాలి. లోపలికి వెళ్లాక ఎంచుకోవడానికి మిగిలేది చాలా తక్కువ.

ఒక కొట్టు... ఒకే వంట

మన ఊళ్లో హోటల్‌కి వెళితే ఇడ్లీ నుంచి నూడుల్స్ దాకా అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఒకరు దోసె, ఒకరు బిర్యానీ, ఇంకొకరు గోబీ మంచూరియా చెప్పినా సర్వర్ ఏమీ అనుకోడు. జపాన్‌లో పేరున్న కొట్లు చాలావరకూ అలా ఉండవు. సుషీ చేసేవాళ్లు సుషీయే చేస్తారు. టెంపురా కొట్టులో టెంపురాయే. పాముచేపను బొగ్గుల మీద కాల్చే కొట్టుకి వెళ్లి కూరగాయల పలావు ఉందా అని అడిగితే వాళ్లకి అర్థం కూడా కాదు. వంటవాడు ఏళ్ల తరబడి ఒకే వంట మీద చేయి తిప్పుకుంటాడు. కాబట్టి అక్కడ 'ఏ హోటల్‌కి వెళదాం?' అనుకునే ముందు 'ఏం తిందాం?' అన్నది తేల్చుకోవాలి.

వేడివేడి పులుసులో గోధుమ సేమ్యా కావాలంటే రామెన్ కొట్టు. దాని పులుసు ఎక్కువగా పంది ఎముకలతోనో కోడితోనో కాస్తారు. కాస్త తేలిగ్గా తినాలంటే సోబా లేదా ఉడోన్. మొదటిది ఒకరకం గోధుమజాతి కాని గింజల పిండితో చేసే సన్నటి సేమ్యా, రెండోది గోధుమపిండితో చేసే లావుపాటిది. మన బజ్జీల్ని గుర్తుచేసేది టెంపురా. చేపలు, రొయ్యలతో పాటు చిలగడదుంప, వంకాయ, గుమ్మడి ముక్కల్నీ పల్చటి పిండిలో ముంచి వేయిస్తారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా జపాన్‌కు వచ్చిన వంట ఇది. షింజుకులోనే పుట్టి వందేళ్లుగా నడుస్తున్న సునహాచి అనే టెంపురా కొట్టు ఇప్పటికీ అక్కడ ఉంది.

కళ్లతోనే మెనూ

భాష రానివారిని ఆదుకునేది గాజు అల్మరా. చాలా హోటళ్ల ముందు వంటకాల నమూనాలు పేర్చి ఉంటాయి. నిగనిగలాడే రొయ్య, ఆవిర్లు కక్కుతున్నట్టుండే పులుసు గిన్నె... అన్నీ ప్లాస్టిక్కువే! వీటిని మొదట్లో మైనంతో చేసేవారు. ఇవాసాకి టకిజో అనే ఆయన 1932లో ఒసాకాలో ఈ నమూనాల వ్యాపారం మొదలుపెట్టి దేశమంతటా వ్యాపింపజేశాడు. నమూనా పక్కనే ధర ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి పన్నుతో కలిపిన ధరను చూపడం తప్పనిసరి చేశారు కాబట్టి బిల్లు చూసి గుండె గుభేల్‌మనే పని లేదు. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ అసలే లేదు. బల్లమీద చిల్లర వదిలి వెళితే మర్చిపోయారనుకుని వెంటపడి మరీ ఇచ్చేస్తారు.

గుమ్మానికి వేలాడే పొట్టి గుడ్డతెరను నోరెన్ అంటారు. అది కట్టి ఉంటే కొట్టు తెరిచి ఉన్నట్టు, లోపలికి తీసేస్తే కట్టేసినట్టు. కొన్ని రామెన్, సోబా కొట్లలో తలుపు దగ్గరే టికెట్ యంత్రం ఉంటుంది. డబ్బులు వేసి, బొమ్మ చూసి మీట నొక్కి, వచ్చిన చీటీని లోపల ఇస్తే సరి. ఇలాంటి చోట్ల సాధారణంగా ఒక్కొక్కరే కూర్చుని గబగబా తిని లేచిపోతారు. నలుగురూ చేరి కబుర్లాడుకోవాలనుకునే కుటుంబానికి అవి సరిపడవు.

గడప బయట చూడాల్సింది ఇంకోటుంది. అది పొగతాగడం గురించిన చీటీ. 2020 ఏప్రిల్ నుంచి జపాన్ హోటళ్లలో పొగతాగడంపై ఆంక్షలు వచ్చాయి. కొన్ని చిన్న పాత కొట్లకు మాత్రం మినహాయింపు ఉంది. పొగతాగనిచ్చే చోటికి 20 ఏళ్లలోపు వారిని రానివ్వరు. పిల్లలతో వెళ్లేవారు ఆ చీటీ చూడకుండా తలుపు తీస్తే వెనక్కి రావాల్సిందే.

పెద్దలకు, పిల్లలకు

కుటుంబమంతా కలిసి వెళ్లినప్పుడు షింజుకులో హాయైన చోటు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల పై అంతస్తులు. 1933లో మొదలైన ఇసెతాన్ భవనంలో ఏడో అంతస్తు, తకాషిమాయాలో 12 నుంచి 14వ అంతస్తు దాకా హోటళ్లే. లిఫ్టు ఉంటుంది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, కూర్చునేందుకు బెంచీలుంటాయి. సుషీ, టెంపురా, సోబా, పంది కట్లెట్... ఒక్కో తలుపు వెనక ఒక్కో వంట. ఓసారి అటూఇటూ నడిచి నమూనాలన్నీ చూసి నిర్ణయించుకోవచ్చు. పిల్లల కోసం చిన్న పళ్లెంలో రకరకాలు అమర్చి ఇచ్చే 'పిల్లల భోజనం' పుట్టింది కూడా ఇలాంటిచోటే. 1930లో టోక్యోలోని మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోరు దాన్ని మొదలుపెట్టింది.

పిల్లలకు సరదా కావాలంటే తిరిగే సుషీ ఉండనే ఉంది. బీరు కర్మాగారంలో పట్టీ మీద కదులుతున్న సీసాల్ని చూసి షిరాయిషి యోషియాకి అనే సుషీ వ్యాపారికి ఈ ఆలోచన వచ్చిందట. 1958లో ఒసాకా దగ్గర తొలి కొట్టు తెరిచాడు. ధర ముందే తెలుస్తుంది, నచ్చింది అందుకోవచ్చు, చివర్లో పళ్లేలు లెక్కపెట్టి బిల్లు వేస్తారు. దోసకాయ సుషీ, గుడ్డట్టు సుషీ కూడా దొరుకుతాయి కాబట్టి పచ్చి చేప నచ్చనివారూ ఉత్తచేతులతో కూర్చోనక్కర్లేదు.

ఖర్చు తగ్గాలంటే మధ్యాహ్నమే మేలు. రాత్రిపూట జేబు చూసుకుని వెళ్లాల్సిన కొట్టులోనూ మధ్యాహ్నం అన్నం, మిసో పులుసు, ఊరగాయ, ఒక ప్రధాన వంటకంతో కూడిన భోజనం తక్కువ ధరకే పెడతారు. సుమారు వెయ్యి, పదిహేను వందల యెన్‌లకు కడుపు నిండుతుంది. ఒంటిగంట దాటాక వెళితే ఆఫీసు జనం తగ్గుతారు. కానీ రెండు, రెండున్నరకల్లా చాలా కొట్లు మూసి మళ్లీ సాయంత్రమే తెరుస్తారన్నది మర్చిపోకూడదు.

కంటికి కనిపించని చేప

ఇక అసలు చిక్కు శాకాహారులది. పళ్లెంలో ముక్క కనబడలేదు కదా అని తినేస్తే పొరపాటే. జపాన్ వంటకు ప్రాణం దాషి అనే పులుసునీళ్లు. కొంబు అనే సముద్రపు నాచునీ, ఎండబెట్టి చెక్కలా గట్టిపడిన బొనీటో చేప పొట్టునీ నీళ్లలో వేసి దీన్ని తీస్తారు. మిసో పులుసులో, సోబా నంజుడు రసంలో, ఉడికించిన కూరగాయల్లో, చివరికి గుడ్డట్టులోనూ అది ఉంటుంది. టెంపురా పిండిలో సాధారణంగా గుడ్డు కలుపుతారు. కూరగాయల్నీ రొయ్యల్నీ ఒకే నూనెలో వేయించడం మామూలే.

'వెజిటేరియన్' అంటే చాలదు. మాంసం మానేసినా చేప తింటారేమో అనుకునేవారు అక్కడ ఎందరో. మాంసాన్ని నికు, చేపను సకానా అంటారు. 'నికు, సకానా, దాషి... మూడూ తినం' అని ఇంటిదగ్గరే జపనీస్‌లో చీటీ రాయించుకుని వెళ్లాలి. గుడ్డు తినకపోతే తమాగో అనే మాటా అందులో చేర్చాలి. గొడ్డు మాంసం గ్యూనికు, పంది మాంసం బుతానికు.

అమ్మమ్మకు జపాన్ రుచి అందని పండా అంటే అదీ కాదు. బౌద్ధ మఠాల్లో పుట్టిన షోజిన్ రియోరి అనే శాకాహార వంటలో దాషిని నాచుతో, ఎండు పుట్టగొడుగులతో తీస్తారు. పుల్లటి ఉమె పండు ఊరగాయ పెట్టిన అన్నపు ముద్ద, దోసకాయ సుషీ, ఉప్పు వేసి ఉడికించిన సోయా కాయలు ఎక్కడైనా దొరుకుతాయి. డిపార్ట్‌మెంట్ స్టోర్ల నేలమాళిగల్లో వండిన పదార్థాలమ్మే పెద్ద అంగళ్లుంటాయి. ప్యాకెట్ల మీద దినుసుల జాబితా ఉంటుంది కనుక ఫోన్‌లో అనువదించుకుని చదివి మరీ కొనుక్కోవచ్చు.

పిలిచేవాడి వెంట వెళ్లొద్దు

షింజుకు అంటే వెలుగుల వీధులే గుర్తొస్తాయి. స్టేషన్‌కు తూర్పున ఉన్న కబుకిచోలో రాత్రయితే దారికడ్డంపడి 'రండి రండి, చవక' అని పిలిచేవాళ్లుంటారు. వాళ్ల వెంట వెళ్లి వేలకు వేలు వదిలించుకున్నవారు ఎందరో. పిలిచేవాళ్లను నమ్మొద్దని వీధుల్లో మైకులు హెచ్చరిస్తూనే ఉంటాయి. ఆకలైనవాడికి దారి తెలియనప్పుడు చేయి పట్టుకుని పిలిచేవాడే దేవుడిలా కనిపిస్తాడు. కానీ మంచి కొట్టువాడు వీధిలోకి రాడు, పొయ్యి దగ్గరే ఉంటాడు.

పడమటివైపు ఒమోయిదె యోకోచో అనే సందుంది. యుద్ధం తర్వాత నల్లబజారుగా మొదలై, కాల్చిన కోడిముక్కల పొగతో ఇప్పటికీ కళకళలాడుతోంది. చూసి రావాల్సిందే. కానీ ఎనిమిది, పదిమంది పట్టే కొట్లలో చంటిపిల్లలతో కూర్చోవడం కష్టం. ఇలాంటి మద్యం కొట్లలో కూర్చోగానే అడక్కుండానే ఓ చిన్న గిన్నెలో ఏదో పెడతారు. దాని పేరు ఒతోషి. అది ఉచితం కాదు, కూర్చున్నందుకు తలకు కొన్ని వందల యెన్‌లు బిల్లులో పడతాయి. మోసం కాదది, అక్కడి ఆనవాయితీ.

ఇంటర్నెట్‌లో మార్కులు చూసి వెళ్లేవారికో మాట. జపాన్‌వాళ్లు ఎక్కువగా చూసే తబెలోగ్‌లో అయిదుకు మూడున్నర వస్తే మంచి హోటల్ కిందే లెక్క. మూడున్నరేనా అని పెదవి విరిస్తే మంచి భోజనం పోగొట్టుకున్నట్టే.

బోసుగారి కూర

ఇదే షింజుకులో భారతీయులు తప్పక చూడాల్సిన కొట్టొకటుంది. పేరు నకమురాయా. 1912లో ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్‌పై బాంబు దాడికి సంబంధించి బ్రిటిష్‌వారు వెతుకుతున్న విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్ 1915లో జపాన్ చేరాడు. ఆయన్ని దేశంనుంచి పంపేయాలని ఉత్తర్వులొస్తే, రొట్టెల దుకాణం నడుపుతున్న సోమా దంపతులు తమ కొట్టు వెనక దాచి కాపాడారు. తర్వాత వాళ్లమ్మాయి తోషికోను ఆయన పెళ్లాడాడు. ఆమె 1925లో కన్నుమూసింది. 1927లో నకమురాయా ఫలహారశాల తెరిచినప్పుడు బోస్ నేర్పిన కోడికూర, అన్నం అందులో పెట్టారు. అప్పటికి జపాన్‌లో తెలిసిన కూర ఇంగ్లండు మీదుగా వచ్చిన, పిండి కలిపి చిక్కబరిచిన కూర. బోస్ దానికి ఒప్పుకోలేదు. వండితే భారతీయ పద్ధతిలోనే వండాలన్నాడు. ఖరీదెక్కువైనా జనం వచ్చారు. ఆ కూర నేటికీ అక్కడ వడ్డిస్తున్నారు.

చేస్తే పద్ధతిగా చేయాలి, లేదంటే మానుకోవాలి... బోసుది ఏ పట్టుదలో షింజుకు వంటవాళ్లదీ అదే. అందుకే చీటీ చూపించినప్పుడు కొన్నిచోట్ల వంటవాడు రెండు చేతులూ అడ్డంగా పెట్టి ఇంటూ గుర్తు చూపిస్తాడు. తెలియనివారికి అది అవమానంలా తోస్తుంది. గెంటేశాడని చిన్నబుచ్చుకుంటారు. నిజానికి ఆయన చెబుతున్నది వేరు. 'నా పులుసులో చేప ఉంది. తీసేసి వండితే అది నా వంట కాదు. ఉంచి పెడితే మీ నియమం చెడుతుంది' అని. లేదన్నది దాచిపెట్టి గిన్నె ముందుపెట్టే కొట్టుకన్నా, తలుపు దగ్గరే వద్దని చెప్పే కొట్టు ఎంతో నయం. ఆయనకో నమస్కారం పెట్టి పక్క తలుపు తట్టడమే. షింజుకులో తలుపులకు కొదవా!