పుష్కర ఘాట్ దగ్గర గురుణ్ణి చూపించండి

మన పండగల్లో చాలావరకు సూర్యచంద్రుల లెక్క మీదే నడుస్తాయి. పుష్కరాలకు మాత్రం గురుగ్రహం కదలాలి. గురుడు కన్యారాశిలో అడుగుపెడితే కృష్ణకు, మకరంలో అడుగుపెడితే తుంగభద్రకు పుష్కరాలు. ఈ రెండు నదులూ కలిసే చోటికి పక్కనే ఉన్న ఆలంపూర్‌కు ఆ సందడి రెండుసార్లు దక్కుతుంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు, 2020 నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా తుంగభద్ర పుష్కరాలు జరిగాయి. పుష్కరాల ఏర్పాట్లు అనగానే ఘాట్లు, బస్సులు, బట్టలు మార్చుకునే గదులు, గజ ఈతగాళ్లు గుర్తొస్తారు. ఎవరి రాకతో ఇదంతా మొదలైందో ఆ గురుణ్ణి జనానికి చూపించాలన్న మాట మాత్రం వినపడదు. 2028లో కృష్ణా పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. ఈసారి ఈ రెండు నదుల నడుమనున్న నడిగడ్డ ఘాట్ల దగ్గర సాయంత్రం పూట టెలిస్కోపులు పెట్టాలి, వాటికి పుష్కర నిధుల్లోనే ఒక పద్దు రాయాలి.

పోయినసారి ఏం చేజారిందో చూడండి. 2020లో తుంగభద్ర పుష్కరాలు కరోనా నిబంధనల మధ్యే సాగాయి. ఆ పన్నెండు రోజులూ పొద్దుగూకగానే నైరుతి ఆకాశంలో గురుడు, శని పక్కపక్కనే వెలుగుతూ రోజురోజుకూ దగ్గరవుతున్నారు. పుష్కరాలు ముగిసిన ఇరవై రోజులకు, డిసెంబరు 21న, ఆ రెండు గ్రహాల మధ్య ఎడం డిగ్రీలో పదో వంతుకు తగ్గింది. 1623 తర్వాత అవి అంత దగ్గరగా కనిపించడం అదే మొదటిసారి. ఘాట్ మెట్లెక్కుతూ తలెత్తితే చాలు, ఆ జోడీ కళ్లెదుటే ఉండేది. అంతకుముందు 2016లో కృష్ణా పుష్కరాలకు నెల రోజుల ముందే జూనో వ్యోమనౌక గురుడి కక్ష్యలోకి చేరింది. కింద నదిలో మనం గురుడి పేరున మునకలేస్తుంటే, పైన మనిషి చేసిన యంత్రం ఒకటి ఆయన చుట్టూ తిరుగుతోందన్నమాట. ఈ రెండు సంగతులనూ ఒకచోట చెప్పడానికి ఘాట్‌ను మించిన బడి ఏముంటుంది?

ఆకాశాన్ని చూడటం పుష్కరానికి బయటి వ్యవహారమేమీ కాదు. పన్నెండేళ్లకోసారి అని మనం నోటితో అంటాం గానీ, గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి పట్టేది 4,333 రోజులు. పన్నెండేళ్లంటే 4,383 రోజులు. యాభై రోజుల తేడా ప్రతి చుట్టుకూ పేరుకుంటూ, ఏడు చుట్లకు దాదాపు ఏడాది అవుతుంది. గురుడి లెక్క మీదే వచ్చే హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2022 దాకా ఆగకుండా 2021లోనే జరగడానికి కారణం ఇదే. పంచాంగకర్తలు పన్నెండు అనే అంకెను వదులుకున్నారే తప్ప గ్రహాన్ని వదల్లేదు. ఆ చూపు ఈ నేలకు కొత్తదీ కాదు. ఆలంపూర్‌కు ఎగువన, నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ముడుమాల్ నిలువురాళ్లు బృహత్ శిలాయుగం నాటివి. అక్కడ ఒక బండ మీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతున్నాయని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు గుర్తించారు. ఆ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. రాయి మీద చుక్కలు చెక్కినవాళ్ల గడ్డ మీద టెలిస్కోపు పరాయి వస్తువెలా అవుతుంది?

టెలిస్కోపులో కనిపించేది ఏమంత గొప్ప అనుకునేవాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ఆరంగుళాల అద్దమున్న మామూలు టెలిస్కోపులో గురుడు శనగగింజంత బింబంలా, మీగడ రంగులో ఉంటాడు. నడుమ రెండు గోధుమరంగు చారలు. బింబం గుండ్రంగా ఉండక కాస్త నొక్కినట్టుంటుంది, పది గంటలు నిండకముందే తన చుట్టూ తాను తిరిగేసే వేగం అలా చేస్తుంది. ఇరుపక్కలా ఒకే వరుసలో నువ్వుగింజల్లా నాలుగు చంద్రులు. ఒక్కోసారి ఒకటి చాటున ఉండి మూడే కనిపిస్తాయి. కాసేపు కదపకుండా ఉంచితే బింబం అద్దంలోంచి జారిపోతుంది. మన కాళ్ల కింద భూమి తిరుగుతుండటమే దానికి కారణం. మర్నాడు మళ్లీ వస్తే చుక్కల వరుస మారి ఉంటుంది. 1610 జనవరిలో గెలీలియో పట్టుకున్నది ఈ మార్పునే. అన్నీ భూమి చుట్టూ తిరుగుతాయన్న నమ్మకం అక్కడ బీటలు వారింది. అదే చంద్రుల గ్రహణాల వేళలు తేడా పడటం చూసి 1676లో ఖగోళవేత్త రోమర్, కాంతి ప్రయాణానికి సమయం పడుతుందని తేల్చాడు. ఘాట్ దగ్గర క్యూలో నిల్చున్న పిల్లకు ఈ కథంతా చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

పుణ్యస్నానానికి వచ్చినవాళ్లకు గ్రహశాస్త్రం ఎందుకన్నది మొదటి అభ్యంతరం. స్నానం ఎవరూ మానుకోనక్కర్లేదు. సంధ్యవేళ సూర్యుడికి చేతులెత్తేవారికి గురుణ్ణి చూడటం వల్ల పోయే భక్తి ఏదీ లేదు. రెండోది హేతువాదుల నుంచి వచ్చేది, దీనికి బరువుంది. శాస్త్రవేత్తలు పుష్కర ఘాట్‌లో నిలబడితే జాతకాలకు ప్రభుత్వ ముద్ర పడదా అంటారు. పడకుండా చూసుకునే మార్గం సూటిగా మాట్లాడటమే. గురుడు భూమ్మీద కలిగించే ఆటుపోట్ల బలం చంద్రుడి బలంలో లక్షో వంతు కూడా ఉండదనీ, రాశి మారినంత మాత్రాన నదినీటి గుణం మారదనీ అడిగినవారికి చెప్పాలి. ఆ మాట సభామందిరాల్లో వందమందికి చెప్పడం కన్నా, లక్షలమంది వచ్చేచోట గురుణ్ణి చూపిస్తూ చెప్పడం మేలు. దూరంగా ఉంటే చేతులు శుభ్రంగానే ఉంటాయి, జనం మాత్రం చూడకుండానే ఇళ్లకు వెళ్తారు.

మూడోది మబ్బులు. ఇది నిజమైన ఇబ్బంది. కృష్ణా పుష్కరాలు వానాకాలంలో వస్తాయి, పన్నెండు సాయంత్రాల్లో కొన్ని పోతాయి. అందుకే ఈ పని పుష్కరాలతో మొదలుకాకూడదు. 2028 మార్చిలో గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు. పొద్దుగూకే వేళకు తూర్పున లేచి తెల్లవార్లూ కనిపిస్తాడు, ఆకాశమూ తేటగా ఉంటుంది. పదో తరగతి వాళ్లకు పరీక్షల కాలమే గానీ, ఆరు నుంచి తొమ్మిది చదివే పిల్లలను రప్పించొచ్చు. గద్వాల, ఆలంపూర్, అయిజ బడుల టీచర్లకు ఉస్మానియా ఖగోళశాస్త్ర విభాగం ముందుగా శిక్షణనిస్తే, జులై నాటికి ఘాట్ల దగ్గర టెలిస్కోపు తిప్పే చేతులు ఊళ్లోనే తయారవుతాయి. ఆరంగుళాల టెలిస్కోపు మోటార్‌సైకిల్ కన్నా తక్కువకే వస్తుంది, పుష్కరాలయ్యాక బడిలో ఉండిపోతుంది. యూరోపా క్లిప్పర్ వ్యోమనౌక 2030లో, జ్యూస్ వ్యోమనౌక 2031లో గురుణ్ణి చేరాలన్నది ప్రణాళిక. ఆ తర్వాతి తుంగభద్ర పుష్కరాల నాటికి అవి గురుడి చంద్రుల్లో ఒకటైన యూరోపా మంచు కింది సముద్రాన్ని గురించి ఏం చెబుతున్నాయో, ఆ పిల్లలే ఘాట్ మెట్ల మీద నిలబడి మనకు వివరిస్తారు.