కొండకు ముందు తద్బీర్

ఉర్దూలో తఖ్దీర్, తద్బీర్ అనే రెండు మాటలు జంటగా వినిపిస్తూ ఉంటాయి. మొదటిది విధి. రెండవది ముందుచూపుతో చేసుకొనే ఏర్పాటు. పర్వతారోహణలో ఒకరు మరణించారన్న వార్త వచ్చినప్పుడు పెద్దలు విధిని తలచి నిట్టూరుస్తారు. యువకులు సాహసాన్ని తలచి పొంగిపోతారు. ఏర్పాటును గూర్చి ఆలోచించేవారు తక్కువ. ఆ ఆలోచన మన కళాశాలలో ఆరంభం కావాలని మేము కోరుతున్నాము.

మల్లి మస్తాన్ బాబు నెల్లూరు జిల్లా గాంధీజనసంగం అనే పల్లెలో 1974లో జన్మించారు. మస్తాన్ అనేది మన ప్రాంతాన హిందువుల ఇళ్లలోనూ ముస్లిముల ఇళ్లలోనూ వినిపించే పేరే. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివే రోజుల్లో, 1985లో ఎవరెస్టు యాత్రలో అసువులు బాసిన పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయ భాస్కర రావు గాథ ఆయనలో కొండలపై మక్కువ కలిగించింది. 2006లో 172 దినాలలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను ఆయన అధిరోహించారు. 2015 మార్చి 24న ఆండీస్ పర్వతాలలో, అర్జెంటీనా, చిలీ సరిహద్దున ఉన్న ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరానికి ఒంటరిగా బయలుదేరి, ప్రతికూల వాతావరణంలో చిక్కుకొని తిరిగి రాలేదు.

ఆయన అనుభవం ముందు మేము విమర్శకులము కాము. ఆ శిఖరం మనిషి నుండి ఏమి కోరుతుందో తెలుసుకోవడమే ఆయనకు మనం చూపగల గౌరవం. దాని ఎత్తు సుమారు 6,750 మీటర్లు. 5,500 మీటర్ల వద్దనే గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగానికి తగ్గుతుంది. కనుక 3,000 మీటర్లు దాటిన పిమ్మట నిద్రించే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రమించాలని వైద్యులు చెబుతారు. అక్కడి వేసవి డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు. మార్చి చివరకు శరత్తు ప్రవేశిస్తుంది. అటకామా ఎడారి పొరుగున ఉన్న ఆ కొండలపై రాళ్లు ఎక్కువ, నీరు అరుదు. మంచును కరిగించి త్రాగాలి. కరిగించడానికి ఇంధనం మోసుకుపోవాలి. ఇంధనం లెక్క తప్పితే దాహం తప్పదు. బిందె నీటికి లెక్క చూసుకొని బ్రతికిన రాయలసీమ వారికి ఈ పాఠం వేరొకరు చెప్పనక్కరలేదు.

అన్నింటికన్న ముఖ్యమైనది మరలి వచ్చే వేళ. శిఖరం ఎంత చేరువలో కనిపించినా ఏ గంటకు వెనుదిరగాలో క్రింద ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. ప్రాణవాయువు కొరవడిన మెదడు పైన సరియైన నిర్ణయం చేయలేదు. శిఖరం చేరితే సగం దారి మాత్రమే ముగిసినట్లు.

పేద కుటుంబాల బిడ్డలకు ఇదంతా ఎందుకని కమిటీ పెద్దలు అడగవచ్చు. ఒక్క ప్రమాదం ఒక ఇంటిని కూల్చగలదన్న వారి భయం న్యాయమైనదే. కాని అనుమతి లేకున్నా మన విద్యార్థులు చెప్పులతో, ఒక్క నీటి సీసాతో గండికోట లోయ అంచుకు పోయి నిలుచుంటున్నారు. నిషేధం వారిని ఆపలేదు, శిక్షణ కాపాడగలదు. 2014 మే 25న పదునాలుగేళ్లు నిండకనే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, నాడు సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. ఆమె తొలి అభ్యాసం భువనగిరి రాతికొండపైనే జరిగింది. అట్టి రాళ్లు మనకు ఓర్వకల్లులో ఉన్నాయి.

అందువల్ల కళాశాలలో ఒక పర్వతారోహణ సంఘం స్థాపించాలని కమిటీ వారిని అర్థిస్తున్నాము. అర్హుడైన శిక్షకుడు, మంచి త్రాళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, ఒక నోటుపుస్తకం చాలు. ప్రతి యాత్రకు ముందు ఆ పుస్తకంలో ఎవరు వెళ్తున్నారు, ఎంత నీరు తీసుకొన్నారు, ఏ గంటకు మరలుతారు అన్న మూడు సంగతులు వ్రాసి, తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి. బాలికలకూ ఇందులో సమాన స్థానం ఉండాలి.

మనలో ఎవరైనా ఆండీస్ చేరుతారో లేదో అది తఖ్దీర్. ఓర్వకల్లు వెళ్లిన ప్రతి విద్యార్థి సాయంకాలానికి ఇల్లు చేరడం మాత్రం మన తద్బీర్.