బతుకమ్మ పేర్చిన చేతులు

తెలంగాణ ఏర్పడిన ఏడాది, 2014 అక్టోబరులో, న్యూజెర్సీలో ఒక స్కూలు హాల్లో జరిగిన సద్దుల బతుకమ్మకు వెళ్ళాను. గుమ్మం దగ్గర తెలంగాణ పటం ముద్రించిన జెండాలు. తంగేడు, గునుగు అక్కడ దొరకవు. చేమంతులు, కార్నేషన్లతోనే నిలువెత్తు బతుకమ్మను పేర్చారు. చెరువు లేదు గనక ప్లాస్టిక్ తొట్టిలో సాగనంపారు. ఎగతాళికి చెప్పడం లేదు, నాకూ కళ్ళు చెమర్చాయి. 1970ల చివరి నుంచి అమెరికాలో నడుస్తున్న తెలుగు సంఘాల వేదికల మీద కోస్తా యాసే తెలుగుగా చలామణీ అయింది. వెక్కిరింతలు పడ్డవాళ్ళకు ఆ జెండా ఎంత అవసరమో నాకు తెలుసు.

ఆ పూలను తెల్లవార్లూ పేర్చినవాళ్ళలో ఒకామె వంటగదిలో నాతో మాట్లాడింది. ఎం.ఎస్‌సి. చదివింది. హెచ్-4 వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చేసే హక్కు లేదు. బ్యాంకు ఖాతా భర్తది, ఆమె పాస్‌పోర్టు అతని బీరువాలో. కొడతాడు. ఎవరికైనా చెప్పావా అని అడిగాను.

"అందరు మనోళ్ళే అక్కా. ఎవరికి చెప్పినా తెల్లారేసరికి ఊర్ల అమ్మకు ఎరుకైతది."

ఆ సాయంత్రం వేదికెక్కి మన ఆడబిడ్డల గౌరవం గురించి మాట్లాడిన వక్తల్లో ఆమె భర్త ఒకడు.

మరుసటి ఏడు, 2015 మే 26 నుంచి, హెచ్-4 వీసాదారుల్లో కొందరికి ఉద్యోగం చేసుకునే వీలు కల్పించారు. అదీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశకు చేరితేనే. అంటే ఆమె జీతం కూడా అతని కాగితాలకే వేలాడుతుంది. ఇక మన దేశంలో, ప్రవాస వివాహాల్లో మోసపోయే స్త్రీల రక్షణకు చట్టం తెచ్చే విషయం ఆలోచించాలని నీరజా సరాఫ్ కేసులో సుప్రీంకోర్టు సూచించింది 1994లో. వివాహ నమోదు బిల్లు రాజ్యసభ ముందుకొచ్చింది 2019లో. సమగ్ర చట్టం కావాలని లా కమిషన్ మళ్ళీ సిఫారసు చేసింది 2024లో!

ప్రమాదంలో పోయిన మనవాడి శవాన్ని ఊరికి చేర్చడానికి ఈ సంఘాలవాళ్ళు ఎంత చప్పున చందాలు పోగుచేస్తారో చూశాను. మంచి పనే. బతికున్న మనిషికి నాలుగు రాత్రులు తలదాచుకునే గది, లాయరు ఫీజు అడిగితే మాత్రం అది 'కుటుంబ విషయం' అయిపోతుంది. మన భాష, మన పండుగ, మన వంట అందరివీ అయినప్పుడు ఆమె ఒంటి మీది దెబ్బ ఒక్క ఇంటిది ఎలా అవుతుంది?

దక్షిణాసియా స్త్రీల కోసం 'మానవి' అనే సంస్థ 1985లో మొదలైంది ఆ న్యూజెర్సీలోనే. హాలు గోడల నిండా స్పాన్సర్ల పేర్లున్నాయి, మానవి ఫోన్ నంబరు ఎక్కడా లేదు. కాగితపు రుమాలు మీద రాసి ఇచ్చాను. ఆమె దాన్ని చిన్నగా మడిచి జాకెట్‌లో దాచుకుని, ప్రసాదం పంచడానికి వెళ్ళింది.